మాట చివరి బలం



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది మాటల చివర అంటుకుని ఉండే చిన్న చిన్న ముక్కల గురించి. వ్యాకరణంలో వాటిని ప్రత్యయాలంటారు. అందులోనూ ఒక్క రకాన్నే తీసుకుందాం. ఒక పేరును గుణంగా మార్చేవి, అంటే విశేషణాన్ని తయారు చేసేవి.

మన చుట్టూ ఉన్నవాటితోనే మొదలుపెడదాం. గోదావరి ఒక పేరు. "గోదారి నీళ్లు" అంటాం. ఆ పేరుకు ఏమీ చేర్చకుండానే అది నీళ్లకు విశేషణమైంది. ఏరు ఇంకో పేరు. "ఏరు ఇసుక" అని ఎవరూ అనరు, "ఏటి ఇసుక" అంటారు. చివరి "రు" పోయి "టి" వచ్చింది. భద్రాచలం అనే పేరుకు వీధులు చేరితే "భద్రాచలపు వీధులు". చివరి సున్న పోయి "పు" వచ్చింది. అందం అనే మాటకు కొండ చేరితే "అందమైన కొండ". చల్లదనం గాలికి చేరితే "చల్లని గాలి", మజ్జిగకు చేరితే "చల్లటి మజ్జిగ". పని ఒక్కటే, ఒక మాటను ఇంకో మాటకు విశేషణం చేయడం. దానికి తెలుగు ఇన్ని దారులు పెట్టుకుంది. ఈ దారులు మనకు ఎవరూ నేర్పలేదు. బడికి పోని అవ్వ కూడా "ఏరు ఇసుక" అనదు.

మరి ఎవరైనా కూర్చుని కొత్తగా ఒక భాషను తయారు చేస్తే, ఈ పనికి ఎన్ని ప్రత్యయాలు పెడతారు? దీనికి చరిత్రలో సమాధానం ఉంది. తరచు ఒక్కటే పెడతారు.

లుడ్విక్ జామెన్‌హాఫ్ అనే కంటి వైద్యుడు 1859లో బియాలిస్టోక్ అనే ఊళ్లో పుట్టారు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. ఆ ఊళ్లో రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవారు పక్కపక్కనే ఉంటూ ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవారు. అందరికీ సమానమైన ఒక రెండో భాష ఉంటే ఈ దూరం తగ్గుతుందని ఆయన చిన్నప్పటి నుంచీ నమ్మారు. 1887లో వార్సా నగరంలో తన భాషను ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశారు. పుస్తకం మీద పెట్టుకున్న పేరు డాక్టర్ ఎస్పరాంతో, అంటే ఆశపెట్టుకున్నవాడు. ఆ పేరే భాషకు నిలిచిపోయింది.

ఎస్పరాంతో వ్యాకరణం మొత్తం 16 సూత్రాలు. పేరు అయితే చివర "ఓ", విశేషణం అయితే చివర "ఆ", క్రియా విశేషణం అయితే చివర "ఏ". విశేషణాలకు మినహాయింపు లేదు. నీరు "ఆక్వో", నీటికి సంబంధించిన ఏదైనా "ఆక్వా". చెట్టు "ఆర్బో". చెట్ల గుంపు, అంటే అడవి, "ఆర్బారో". అడవికి సంబంధించినది "ఆర్బారా". ఈ రెండు నిమిషాల్లో మీకు ఎస్పరాంతో విశేషణాల సూత్రం దాదాపు వచ్చేసింది. ఇంకా నేర్చుకోవాల్సింది, పేరు బహువచనమైనా కర్మగా వచ్చినా విశేషణం కూడా దానితో పాటే మారాలని.

జామెన్‌హాఫ్ కంటే ముందు, 1879లో, యోహాన్ మార్టిన్ ష్లేయర్ అనే జర్మన్ మతాచార్యుడు వోలాప్యూక్ అనే భాషను తయారు చేశారు. ఆయన విశేషణ ప్రత్యయం "ఇక్". "గుద్" అంటే మంచితనం, "గుదిక్" అంటే మంచి. ఆయనదీ ఒక్క ప్రత్యయమే. భాషను కల్పించేవారు ఈ పని ఎందుకు చేస్తారో అర్థం చేసుకోవడం తేలిక. నేర్చుకునేవారికి భారం తగ్గించడం వారి లక్ష్యం. ఆ లక్ష్యం గొప్పది. ఎస్పరాంతో నేర్చుకున్నవారు ఈ రోజుకీ ప్రపంచమంతా ఉన్నారు.

అయితే ఆ ఒక్క ప్రత్యయం ఎంత బరువు మోయాలో చూడండి. "ఆక్వా" అన్న మాట నీళ్లలో ఉండేదానికీ రావచ్చు, నీళ్లతో చేసినదానికీ రావచ్చు, నీళ్లలా ఉన్నదానికీ రావచ్చు. ఏ సంబంధమో వినేవారు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. తెలుగులో ఇదే చోట ఏమంటాం? నీళ్లలో బతికేది "నీటి పాము". నీళ్లు ఎక్కువై పలచబడ్డది "నీళ్ల మజ్జిగ". నీళ్లు ఉన్నది "నీళ్లున్న బావి". లేనిది "నీళ్లు లేని బావి". నీటికీ దానికీ ఉన్న సంబంధం ఎలాంటిదో మాట చివర చూస్తేనే తెలిసిపోతుంది. ఈ తేడాలను ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించలేదు. నీళ్లు మోసినవారు, మజ్జిగ చిలికినవారు, బావులు తవ్వినవారు తరతరాలుగా వాడి వాడి స్థిరపరిచారు.

ఇంకో జత చూద్దాం. "చల్లని", "చల్లటి". వ్యాకరణంలో రెండూ ఒకటే. వాడుకలో గమనిస్తే తేడా కనిపిస్తుంది. "చల్లని తల్లి" అంటాం, "చల్లటి తల్లి" అనం. "చల్లని చూపు" అంటాం. మజ్జిగ దగ్గరికొచ్చేసరికి "చల్లటి మజ్జిగ" అనేస్తాం. "తీయని మాట", "తియ్యటి మామిడిపండు". "ని" మనసుకు తాకే గుణం వైపు మొగ్గుతుంది, "టి" ఒంటికీ నాలుకకూ తాకే గుణం వైపు మొగ్గుతుంది. ఇది కచ్చితమైన నియమం కాదు, మొగ్గు మాత్రమే. కవులు రెండు వైపులా వాడతారు. అయినా ఆ మొగ్గు మన చెవికి తెలుసు.

మూడో జత మన చుట్టూనే ఉంది. "ఎండు మిరపకాయ", "ఎండిన చెరువు". "ఎండు" అన్నప్పుడు అది ఆ వస్తువు రకం. పచ్చి మిరపకాయ ఒక రకం, ఎండు మిరపకాయ ఒక రకం. "ఎండిన" అన్నప్పుడు ఒక సంగతి జరిగింది. నిండుగా ఉన్న చెరువు కాలం గడిచి ఎండింది. ఒక చిన్న "ఇన" చేరితే రకం కాస్తా జరిగిన కథ అయిపోతుంది. ఇక "ఎండు", "ఆకు" కలిస్తే "ఎండుటాకు". మధ్యలో "ట" ఎక్కడిది? దాన్ని టుగాగమం అంటారు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణంలో దీనికి సూత్రం రాశారు. భద్రాచలపు, బంగారపు, పాపపు అన్నప్పుడు "ము" పోయి "పు" రావడానికీ ఆయన సూత్రం ఉంది. పుంప్వాదేశం అని బడిలో చదివే ఉంటారు. ఆ సూత్రం తెలియకపోయినా వేసవిలో అడవి బాటన నడిచేవారు ఎండుటాకుల చప్పుడు గురించి చెప్పేటప్పుడు ఆ "ట"ను సరిగ్గా అక్కడే పెడతారు.

ఇప్పుడు చాలా ఎక్కువగా వాడే తెలుగు విశేషణ ప్రత్యయం దగ్గరికి వద్దాం. అది "ఐన". అందమైన, బలమైన, విలువైన, ముఖ్యమైన. రోజుకు ఎన్నిసార్లు వాడతామో లెక్కలేదు. ఇది మొదట ప్రత్యయం కాదు, "అగు" అనే క్రియ. అగు, అయిన, ఐన. "అందమైన కొండ" అంటే అందం తానే అయిన కొండ. అంటే తెలుగు విశేషణం లోపల ఒక క్రియ పనిచేస్తోంది.

ఇది ఒక్క "ఐన" సంగతే కాదు. ముందు ఎస్పరాంతోతో పోల్చి చూద్దాం. అందులో చదవడం అనే ధాతువు "లెగ్". చదవడానికి వీలైనది "లెగేబ్లా". చదవడానికి అర్హమైనది "లెగిండా". చదవడమంటే ఇష్టమున్నది "లెగేమా". మూడు అర్థాలకు మూడు ముక్కలు, చివర మళ్లీ అదే "ఆ". జామెన్‌హాఫ్ ఆలోచన ఎంత చక్కగా ఉందో చూడండి. వీటిలో మొదటి రెండు అర్థాలు తెలుగులో ఎలా వస్తాయి? చదవగల, చదవదగిన. ఇంకా ముందుకు వెళ్తే చదవవలసిన, చదవకూడని, మరువరాని, చెప్పుకోదగ్గ. ఈ చివరలన్నీ ఒకప్పుడు వేరుగా బతికిన క్రియలే. "తగిన" వెనుక తగు ఉంది. "వలసిన" వెనుక వలయు ఉంది. "కూడని" వెనుక కూడు ఉంది. "రాని" వెనుక రావడం ఉంది. తెలుగువారు ఒక వస్తువును వర్ణించాలంటే దానికి ఏం జరిగిందో, అది ఏం చేయగలదో, దానితో ఏం చేయాలో చెబుతారు.

ఇది తెలుగు ఒక్కదాని లక్షణం కాదు. ద్రావిడ భాషలన్నిటిలో క్రియ నుంచి వచ్చిన రూపం పేరుకు ముందు నిలబడి విశేషణం పని చేస్తుంది. పుట్టుకతోనే విశేషణాలైన మాటలు ఈ భాషల్లో తక్కువ. అందుకే అసలు ద్రావిడ భాషల్లో విశేషణం అనే ప్రత్యేక తరగతి ఉందా లేదా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ విషయానికి విడిగా చోటిచ్చారు.

మళ్లీ కల్పిత భాషల వైపు ఒకసారి చూద్దాం. ఇటీవలి కాలంలో సినిమాల కోసం భాషలు తయారు చేస్తున్నారు. మన తెలుగువారందరికీ తెలిసినది కిలికి. 2015లో వచ్చిన బాహుబలి సినిమాలో కాలకేయులు మాట్లాడే భాష. దాన్ని తయారు చేసినవారు తమిళ రచయిత మదన్ కార్కి. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో దాన్ని కట్టారు. నేను అనడానికి "మిన్", నువ్వు అనడానికి "నిమ్". ఒకదాన్ని తిరగేస్తే రెండోది. ఎదురెదురుగా ఉన్న అర్థాలకు ఎదురెదురుగా ఉన్న శబ్దాలు.

2009లో వచ్చిన అవతార్ సినిమా కోసం పాల్ ఫ్రామర్ అనే భాషావేత్త నావి భాషను కట్టారు. అందులో విశేషణ ప్రత్యయం "అ". దాని నడక విచిత్రంగా ఉంటుంది. విశేషణం పేరుకు ముందున్నా వెనుకున్నా పరవాలేదు, ఈ "అ" మాత్రం ఎప్పుడూ పేరు ఉన్న వైపే అంటుకుంటుంది. కిల్వన్ అంటే నది. ఙిమ్ అంటే పొడవు. పొడవైన నది "ఙిమ కిల్వన్" కావచ్చు, "కిల్వన్ అఙిమ్" కావచ్చు. రెండు మాటల మధ్య ఆ చిన్న "అ" నిలబడి రెంటినీ పట్టుకుంటుంది. ప్రత్యయం చేసే పని ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపించడం కష్టం. బండి ఎంత పెద్దదైనా ఇరుసు చివర చీల లేకపోతే చక్రం నిలవదు. మాటల మధ్య ప్రత్యయం ఆ చీల.

ఇక క్లింగన్ భాష. స్టార్ ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ తయారు చేశారు. 1985లో దాని నిఘంటువు వచ్చింది. క్లింగన్‌లో "పెద్ద" అనే విశేషణం లేదు. "పెద్దగా ఉండు" అనే క్రియ ఉంది. దాన్ని పేరు పక్కన పెడితే విశేషణం పని చేస్తుంది. అమెరికా ప్రేక్షకులకు ఇది వేరే లోకపు భాషలా వినిపించాలని ఆయన ఇంగ్లిష్ దారికి దూరంగా జరిగారు. అలా జరిగి చేరిన చోటు మన ద్రావిడ భాషలు వేల ఏళ్లుగా నడుస్తున్న దారికి దగ్గర్లో ఉంది. "అందమైన" అనే తెలుగు పిల్లలకు క్రియతో వర్ణించడం కొత్తేమీ కాదు.

ఈ ఓక్రాండ్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. నా ప్రసంగం అంతా ఈ సంగతి మీదే నిలబడి ఉంది. ఆయన 1977లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కోసం ముట్సున్ అనే ఆదివాసీ భాష వ్యాకరణం రాశారు. ఆ భాషను ధారాళంగా మాట్లాడిన చివరి మనిషి అసెన్సియోన్ సోలోర్సానో అనే వృద్ధురాలు. ఆమె 1930లో కన్నుమూశారు. చివరి రోజుల్లో హారింగ్టన్ అనే పరిశోధకుడు ఆమె పక్కన కూర్చుని ఆమె చెప్పినవన్నీ రాసుకున్నారు. ఓక్రాండ్ ఆ భాషను ఎవరి నోటా వినలేకపోయారు. కాగితాల మీద మిగిలిన మాటల చివరలు చూసి, ఏ ముక్క ఏ పని చేస్తుందో ఒక్కొక్కటిగా తేల్చి వ్యాకరణం కట్టారు. ఈ రోజు ముట్సున్ వారసులు ఆ రాతల సాయంతోనే తమ తాతల భాషను మళ్లీ నేర్చుకుంటున్నారు. మాటల చివరలతో సహా రాసిపెట్టారు కాబట్టే ఆ నేర్చుకోవడం సాధ్యమైంది. వట్టి పదాల జాబితా మిగిలి ఉంటే దానితో ఒక్క వాక్యం కూడా కట్టలేకపోయేవారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. భద్రాచలం చుట్టూ ఉన్న ఊళ్లలో కోయ భాష ఈ రోజుకీ నోళ్లలో ఉంది. దుమ్ముగూడెం, చర్ల, చింతూరు, కూనవరం వైపు సంతలకు వెళ్లినవారు ఆ భాష వినే ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవారు 4 లక్షలు దాటారు. గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వేలో 1906 నాటి నాలుగో సంపుటంలోనే ఈ భాషకు చోటు దొరికింది. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాటతీరు మీద స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణాన్ని 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అచ్చువేసింది.

కోయ తెలుగుకు యాస కాదు. కోయ, గోండి, కువి, కొండ, తెలుగు ఒకే కొమ్మ మీది భాషలు. ఆ కొమ్మను భాషావేత్తలు దక్షిణ మధ్య ద్రావిడం అంటారు. తెలుగుకు తమిళం కంటే కోయ దగ్గరి చుట్టం. మనకు ఏరు అంటే పారే నీళ్లు, కోయలో అసలు నీళ్లకే ఆ పేరు. కోయలు తమను తాము కోయితోర్ అని చెప్పుకుంటారు. ఆ పేరు చివరి "ఓర్" మనుషుల బహువచనం. తెలుగులో మంచివారు, పెద్దవారు అన్నప్పుడు "వారు" ఏ పని చేస్తుందో ఆ "ఓర్" ఆ పని చేస్తుంది. ఒక జాతి తన పేరు చెప్పుకున్న ప్రతిసారీ తన భాషలోని ఒక ప్రత్యయాన్ని పలుకుతోంది.

కోయలు ఒక్క రాష్ట్రంలో లేరు. తెలంగాణలో ఉన్నారు. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, అక్కడా ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ సుకుమా జిల్లాలో ఉన్నారు. ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో ఉన్నారు. పిల్లలు ఇక్కడ తెలుగు బడికి, సుకుమాలో హిందీ బడికి, మల్కన్‌గిరిలో ఒడియా బడికి పోతారు. అందుకే ఇక్కడి కోయలోకి తెలుగు మాటలు వచ్చాయి, అక్కడ హిందీ మాటలు, ఇంకోచోట ఒడియా మాటలు. ఇది చూసి చాలామంది కోయ కలగాపులగమైపోయిందనీ, ఇంక భాష ఎక్కడిదనీ అంటుంటారు.

ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో తెలుగునే చూపించి చెబుతాను.

భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్న గోల్కొండ ప్రభువుల కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ఆ పదవి పేరులోని "దారు" పారసీ ప్రత్యయం. కలిగి ఉన్నవాడు, పట్టుకున్నవాడు అని దాని అర్థం. అది జమీందారుతో, జాగీర్దారుతో వచ్చింది. ఈ రోజు తెలుగు దాన్ని ఏం చేసింది? "లబ్ధిదారు" అంటున్నాం. లబ్ధి సంస్కృతం, దారు పారసీ. "చెల్లింపుదారు" అంటున్నాం. చెల్లింపు అచ్చ తెలుగు. రేషన్ దుకాణం ముందు బోర్డు మీద, బ్యాంకు కాగితాల మీద ఈ మాటలున్నాయి. వాటిని చూసి తెలుగు చచ్చిపోయిందని ఎవరైనా అన్నారా? హైదరాబాదీ, దక్కనీ అన్నప్పటి "ఈ" కూడా ఆ దారినే వచ్చింది. సామాజిక, ప్రాంతీయ, సృజనాత్మక అన్నప్పటి చివరలు సంస్కృతానివి. అన్నీ వచ్చి తెలుగులో కలిశాయి. పైగా ప్రాంతీయ అన్నాక కూడా మనకు తృప్తి లేదు, "ప్రాంతీయమైన" అని మన "ఐన" చేరుస్తాం. ఇంగ్లిష్ మాటలనూ అలాగే లోపలికి తీసుకుంటాం. "సీరియస్ అయిన విషయం", "ఫ్రెష్‌గా ఉన్న కూర". మాట ఎవరిదైనా చివర మనది పడింది. అప్పుడది మన వాక్యంలో మన చెప్పుచేతల్లో నడుస్తుంది.

ఒక భాష బతికి ఉందో లేదో చూడాలంటే దాని మాటల్లో ఎన్ని అరువువో లెక్కపెట్టడం వల్ల లాభం లేదు. ఆ లెక్కన తెలుగు కూడా నెగ్గదు. అరువు మాటకు ఎవరి ప్రత్యయం చేరుతోందో చూడాలి. కోయ పిల్లవాడు తెలుగు మాటను తీసుకుని దానికి కోయ చివర తగిలించి మాట్లాడితే ఆ పిల్లవాడి భాష తన పని తాను చేస్తోంది. బయటి నుంచి వచ్చిన వస్తువును ఇంటిదిగా చేసుకుంటోంది. ప్రమాదం ఎప్పుడు వస్తుందంటే, ఆ పిల్లవాడు తన చివరలు పలకడానికి సిగ్గుపడి, మాటతో పాటు తెలుగు ప్రత్యయాలనూ తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు. మాటలు మిగిలి ప్రత్యయాలు పోయిన భాష కొన్ని చెట్ల పేర్లు, కొన్ని పండుగల పేర్లుగా మిగిలిపోతుంది. విజ్జ పండుం అనే కోయ పండుగ పేరు అందరికీ తెలిసి ఉండి, ఆ పండుగ ఎలా జరిగిందో కోయలో నాలుగు వాక్యాలు చెప్పేవారు లేకపోతే ఆ పేరు ఎవరికి ఉపయోగం?

ఈ సిగ్గు చాలావరకు బడిలోనే మొదలవుతుంది. ఒకటో తరగతి పిల్ల తెలుగు మాటకు కోయ చివర పెట్టి చెప్పినప్పుడు తరగతి నవ్వితే, ఆ పిల్ల మరునాటి నుంచి నోరు విప్పదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలను కోరుతోంది. 2020 జాతీయ విద్యా విధానం వీలున్నంతవరకు ఐదో తరగతి వరకైనా ఇంటి భాషలో బోధన ఉండాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. అందులో కోయ ఒకటి. తెలుగు లిపిలో కోయ వాచకాలు వచ్చాయి. ఇవన్నీ మంచి అడుగులు. అయితే వాచకం ఎంత బాగున్నా, తరగతి గదిలో పిల్ల చెప్పిన మాట చివరను గౌరవంగా వినే ఉపాధ్యాయులు లేకపోతే ఆ అడుగు అక్కడే ఆగిపోతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పదలచుకున్నది ఇది. పిల్లలు మాటలు కలిపి మాట్లాడుతున్నారని కోపగించుకోకండి. ఎలా కలుపుతున్నారో గమనించండి. తెలుగు మాటకు కోయ బహువచనం పెడుతున్నారా? కోయ క్రియకు తెలుగు చివర పెడుతున్నారా? మొదటిది జరుగుతుంటే ఆ పిల్లలకు తమ భాష వ్యాకరణం గట్టిగా పట్టుబడిందని అర్థం. అంత గట్టి వ్యాకరణం ఉన్న పిల్లలకు రెండో భాషగా తెలుగు నేర్పడం కూడా సులువు. "మీ భాషలో ఏటి ఇసుకను ఎలా అంటారు? తెలుగులో ఇలా అంటాం" అని పక్కపక్కన పెట్టి చెబితే రెండు భాషలూ పిల్లలకు అందుతాయి.

డిగ్రీ, బి.ఇడి. చదువుతున్న కోయ యువతీ యువకులకు ఒక పని చెబుతాను. మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పదాలు రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. చెట్ల పేర్లు, చేపల పేర్లు, పండుగల పేర్లు రాసుకుంటున్నారు. చాలా మంచి పని. దానితో పాటు ఇంకో నోటు పుస్తకం పెట్టండి. అది ప్రత్యయాల పుస్తకం. దానికి వ్యాకరణ పరిభాష అక్కర్లేదు. "మీ భాషలో విశేషణం ఎలా చెబుతారు" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. వాక్యాలు అడగండి. అడవి పంది, ఊర పంది, నిన్నటి కూర, రేపటి సంత. ఎండు చేప, ఎండిన వాగు. పూసిన ఇప్పపువ్వు, రాలిన ఇప్పపువ్వు, ఇంకా రాలని ఇప్పపువ్వు. తినదగిన పుట్టగొడుగు, తినకూడని పుట్టగొడుగు. ఇవన్నీ మీ అవ్వ ఎలా చెబుతుందో అలాగే రాయండి. ఆమె ఒకే చోట రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. ఎందుకు రెండు రకాలుగా చెప్పారని అడగండి. చల్లనికీ చల్లటికీ మనకు తేడా ఉన్నట్టే ఆమె చెవికీ ఏదో తేడా ఉంటుంది. ఆ తేడా ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆమె దగ్గరే దొరుకుతుంది.

ఆ తర్వాత కొత్త వస్తువుల గురించి అడగండి. పాడైన సెల్‌ఫోన్, ఛార్జింగ్ లేని సెల్‌ఫోన్, సిగ్నల్ రాని ఊరు. సెల్‌ఫోన్ అనే మాట మారదు, అది మారనవసరమూ లేదు. దాని చుట్టూ కోయ ఏం కడుతుందో చూడండి. వీలైతే గొంతు రికార్డు చేయండి, ఎందుకంటే చివరలు మెల్లగా పలుకుతారు, రాతలో జారిపోతాయి. సుకుమా వైపు, మల్కన్‌గిరి వైపు చుట్టాలున్నవారు అవే వాక్యాలు అక్కడా అడిగి పక్కన రాయండి. మూడు చోట్లా అరువు మాటలు వేరుగా ఉంటాయి. చివరలు ఎంతవరకు ఒకటిగా ఉన్నాయో చూసినప్పుడు, రాష్ట్రాల సరిహద్దులు దాటి ఒకే భాష నిలబడి ఉందో లేదో మీకే తెలుస్తుంది.

భాషను కల్పించే పనిని నేను తక్కువ చేయడం లేదు. ఒక్క "ఆ" చాలునని తేల్చిన జామెన్‌హాఫ్ ఆలోచనలో మనుషుల మీద ప్రేమ ఉంది. మదన్ కార్కి, ఫ్రామర్, ఓక్రాండ్ చేసిన పనిలో గొప్ప నైపుణ్యం ఉంది. ఒక భాషకు ఏమేమి కావాలో వారి పని చూస్తే మనకు స్పష్టమవుతుంది. పదాలు మాత్రమే ఉంటే భాష కాదని, వాటిని కలిపే చివరలు ఉండాలని ఆ కల్పిత భాషలే చాటుతున్నాయి. సినిమా కోసం పుట్టిన భాషకు నిఘంటువులున్నాయి, నేర్చుకునేవారున్నారు. నాలుగు లక్షల మంది ఇళ్లలో మాట్లాడే భాషకు అంతకంటే ఎక్కువ శ్రద్ధ దక్కాలి. ఆ శ్రద్ధ ఎక్కడో విశ్వవిద్యాలయంలోనే పుట్టాలని ఎదురుచూడనక్కర్లేదు. కోయ మాట్లాడే ఇంట్లో పిల్లలతో కోయలోనే మాట్లాడండి. కొత్త మాట వస్తే రానివ్వండి, దాని చివర మాత్రం మీదే పెట్టండి. తెలుగు మాట్లాడే మనం సంతలో, బస్సులో, బడిలో ఆ చివరలు వినిపించినప్పుడు మర్యాదగా విందాం, తెలియకపోతే అడిగి నేర్చుకుందాం.